బెజవాడ దసరాకి ఊరి నిండా బొమ్మలు: మొదటి గీత నుంచి చివరి ఫ్లెక్సీ దించేదాకా

దసరాకి ఊళ్లో బొమ్మలు వేసే పని చేతికి రాగానే చాలామంది చేసేది నెట్ తెరిచి 'దుర్గ' అని కొట్టడం. అక్కడ ఎక్కువగా కనిపించేది బెంగాలీ దుర్గ. చెవుల దాకా సాగిన కళ్లు, వెనక తెల్లటి షోలా (బెండు) పని, అటూ ఇటూ లక్ష్మి, సరస్వతి, వినాయకుడు, కార్తికేయుడు. చాలా గొప్ప సంప్రదాయం అది, కానీ కోల్‌కతాది. మన ఇంద్రకీలాద్రి మీద పండగ నడిచే తీరే వేరు. కొండ మీద అమ్మవారు ఒక్కరే, రోజుకో అలంకారం. ఆ తల్లిని చూడ్డానికి కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర మొదలయ్యే క్యూలు, ఎర్రబట్టల్లో దీక్ష పట్టిన భవానీలు, ఘాట్లలో స్నానాలు, విజయదశమి సాయంత్రం కృష్ణలో హంస వాహనం మీద తెప్పోత్సవం. బెంజ్ సర్కిల్‌లో పెట్టిన బొమ్మ చూడగానే ఇది బెజవాడ దసరా అని తెలియాలి. అదే బొమ్మ మైసూరులో పెట్టినా సరిపోతుందంటే పని సగమే అయినట్టు.

గోడల మీద పెయింటింగ్, కూడళ్లలో ఫ్లెక్సీలు, కటౌట్లు, లైట్ల బొమ్మలు, క్యూల దగ్గర బోర్డులు అన్నీ కలిపి రాస్తున్నాను. డిజైనర్లకీ, ఫైన్ ఆర్ట్స్ పిల్లలకీ, వార్డు కమిటీల వాళ్లకీ పనికొస్తుంది. గుంటూరులోనో తెనాలిలోనో చేసేవాళ్లు ఊరి గుర్తులు మార్చుకుంటే చాలు, పని పద్ధతి అదే.

ముందు గోడ, తర్వాతే బొమ్మ

కంప్యూటర్ ముందు కూర్చోకముందే స్థలానికి వెళ్లండి. ఒకసారి చాలదు. పొద్దున ఎనిమిదింటికి ఎండ ఎటు పడుతుంది, మధ్యాహ్నం ఎంత తెల్లగా మెరుస్తుంది, రాత్రి ఏ లైటు కింద ఉంటుంది, ఈ మూడూ చూడాలి. టేపు పట్టుకుని కొలవండి, "ఇరవై అడుగులు ఉంటుందిలే" అన్న అంచనాతో పని మొదలుపెట్టకండి. ఎదురుగా కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, చెట్టు కొమ్మ, టిఫిన్ బండి ఏమున్నా ఫోటోలో పడేలా తీసుకోండి, ఎందుకంటే అవి పండగ రోజున కూడా అక్కడే ఉంటాయి.

గోడ ఎవరిదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. బెజవాడలో పక్కపక్కనే ఉన్న రెండు గోడలు రెండు శాఖలవి కావచ్చు. ఊళ్లోంచి పోయే ఏలూరు, బందరు, రైవస్ కాలువల కట్టల మీద, ప్రకాశం బ్యారేజీ దగ్గర అయితే జలవనరుల శాఖ, వీధులూ పార్కులూ అయితే నగరపాలక సంస్థ, రైలు వంతెనల కింద గోడలైతే రైల్వే, కొండ మీదా కింద దేవస్థానం స్థలంలోనూ అయితే దేవస్థానం. ఫ్లైఓవర్ స్తంభాల మీద వేయాలంటే ఆ రోడ్డు ఎవరి కింద ఉందో అడిగి తెలుసుకోవాలి. అనుమతి నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. రోడ్డు మీద ఆర్చీ గానీ కటౌట్ గానీ నిలబెడుతుంటే ట్రాఫిక్ పోలీసులకి స్కెచ్ చూపించి, సిగ్నల్‌కీ సీసీ కెమెరాకీ అడ్డం రాదని వాళ్లతో ఒప్పించుకోండి. రాత్రికి రాత్రి పీకేశారన్న గొడవలు చాలా వరకు ఇక్కడే ఆగిపోతాయి.

అక్కడ నిలబడ్డప్పుడే రెండు ప్రశ్నలు వేసుకోండి. చూసేవాళ్లు నడిచి వస్తారా, బండి మీద వస్తారా? ఎంత దూరం నుంచి చూస్తారు? బందరు రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. బొమ్మ 50 మీటర్ల దూరం నుంచి కనిపిస్తే మీ చేతిలో ఉన్నది నాలుగున్నర సెకన్లు. ఆ టైములో ఒక ఆకారం, నాలుగు మాటలు, అంతే పడతాయి. అదే కెనాల్ రోడ్డు క్యూలో నిలబడ్డ మనిషికి గంటల టైముంది, పిల్లలు ఎత్తుకోమని ఏడుస్తుంటారు, అక్కడ గోడ మీద ఎంత చిన్న వివరం గీసినా ఎవరో ఒకరు చూస్తారు. ఈ రెండు చోట్లకీ ఒకే డిజైన్‌ని చిన్నదీ పెద్దదీ చేసి వాడడం నాకు అస్సలు నచ్చని పని.

అమ్మవారిని గీసేటప్పుడు

అలంకారాల జాబితా దేవస్థానం ముందుగా ప్రకటిస్తుంది. బాలా త్రిపురసుందరి, గాయత్రి, అన్నపూర్ణ, మహాలక్ష్మి, లలిత, మూలా నక్షత్రం రోజు సరస్వతి, దుర్గ, మహిషాసురమర్దిని, చివర్లో రాజరాజేశ్వరి ఇలా వస్తాయి గానీ వరుస ఏటా ఒకేలా ఉండదు, తిథుల్ని బట్టి మారుతుంది. 2025లో పండగ 11 రోజులు వచ్చింది, కాత్యాయని అలంకారం చేరింది. అందుకని కిందటేడు పోస్టర్ చూసి వరుస రాసేయకండి.

ఒక్కో రూపానికి చేతుల్లో ఏముండాలి, రంగు ఏంటి అనేది మీరు ఊహించాల్సిన పని లేదు, ధ్యాన శ్లోకాల్లోనే ఉంది. గాయత్రీ ధ్యానం 'ముక్తా విద్రుమ హేమ నీల ధవళ' అని మొదలవుతుంది: ముత్యం, పగడం, బంగారం, నీలం, తెలుపు. అయిదు ముఖాలకి అయిదు రంగులు, కలర్ ప్యాలెట్ చేతిలో పెట్టినట్టే. సరస్వతికి 'యా కుందేందు తుషార హార ధవళా': మల్లెలు, చంద్రుడు, మంచు, అంతా తెలుపే. కాబట్టి ఆ రోజు బొమ్మలో చీరకి గులాబీ అంచు వేసి ముద్దు చేయకుండా తెలుపులోనే నాలుగు ఛాయలు పట్టండి, వెనక నేపథ్యాన్ని ముదురు నీలం చేస్తే ఆ తెలుపు దూరానికి కూడా వెలుగుతుంది. లలితకి 'అరుణాం కరుణా తరంగితాక్షీం ధృత పాశాంకుశ పుష్పబాణ చాపాం' అన్నారు: ఎరుపు, దయ పొంగే కళ్లు, చేతుల్లో పాశం, అంకుశం, పూలబాణాలు, చెరుకు విల్లు. అన్నపూర్ణకి పాత్ర, గరిటె, ఎదురుగా భిక్షకి వచ్చిన శివుడు. ఇవి సరిగ్గా ఉంటే గీత ఎంత మోడ్రన్‌గా ఉన్నా పెద్దవాళ్లు అమ్మవారిని గుర్తుపడతారు. ఇవి తప్పితే ఎంత అందంగా గీసినా "ఇదెవరమ్మా?" అని అడుగుతారు.

స్కెచ్ పెన్సిల్ దశలో ఉండగానే అర్చకులకో స్థానాచార్యులకో చూపించండి. రంగులేశాక చూపిస్తే ఇద్దరికీ ఇబ్బంది. వాళ్లు చెప్పేది ఎక్కువగా చేతులూ ఆయుధాలూ ఆసనం గురించే ఉంటుంది, మీ శైలి జోలికి రారు.

అమ్మవారి రూపం ఎక్కడ వేయకూడదో కూడా ముందే తేల్చుకోండి. నేల మీద వద్దు, మెట్ల మీద వద్దు, చెప్పుల స్టాండ్ గోడకి వద్దు, జనం ఉమ్మేసే మూలల్లో అసలే వద్దు. "దేవుడి బొమ్మ వేస్తే ఇక్కడ పాడు చేయరు" అని కొందరు అడిగి మరీ వేయిస్తారు. నేను ఒప్పుకోను. అమ్మవారిని కాపలాకి పెట్టడం నాకు మనసొప్పదు. అక్కడ లైటు పెట్టాలి, కుళాయి పెట్టాలి, చెత్తడబ్బా పెట్టాలి. చేతికి అందే కాగితం ప్లేట్లు, సంచులు, చించి పారేసే కరపత్రాలు, వీటి మీద కూడా రూపం బదులు తామరపువ్వో త్రిశూలం లేని ఏదో ఒక పండగ గుర్తో వాడండి.

అమ్మవారు లేకుండానే పండగ తెచ్చే బొమ్మలు

నిజానికి ఊరి నిండా వేయాల్సిన వాటిలో ఎక్కువ భాగం ఇవే ఉండాలి. మన చుట్టుపక్కల ఉన్న సంపద చూడండి. ఇరవై కిలోమీటర్ల లోపు కొండపల్లి ఉంది. తెల్ల పొణికి చెక్కతో చేసే ఆ బొమ్మల్లో ఆకారం గుండ్రంగా, రంగు చదునుగా, ముఖంలో రెండు గీతలే ఉంటాయి: అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పల్లకీలో పెళ్లికూతురు. వీధి బొమ్మకి ఇంతకంటే మంచి పాఠం లేదు, ఎందుకంటే ఆ ఆకారాలు వంద అడుగుల నుంచి కూడా చెదరవు. దసరా బొమ్మల కొలువుతో వాటికి సంబంధం ఎలాగూ ఉంది, కాబట్టి పొడుగాటి గోడ దొరికితే దాన్ని మెట్ల మెట్లుగా విడగొట్టి ఒక పెద్ద కొలువు పెట్టేయండి. ఇంకోవైపు పెడన, మచిలీపట్నం కలంకారీ ఉంది. అచ్చులతో అద్దే ఆ తీగలు, చిలకలు, అంచులు ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చేలా ఉంటాయి కనుక కిలోమీటరు పైన పొడవున్న ప్రకాశం బ్యారేజీ లాంటి చోట రెయిలింగ్ వెంట కట్టే గుడ్డకి బాగా సరిపోతాయి. ఒక నాలుగడుగుల ముక్క గీస్తే చాలు, మిగతాదంతా పునరావృతమే.

అయితే ఒక కళాకారుడు చేసిన ఫలానా బొమ్మని ఫోటో తీసి ట్రేస్ చేసేయకండి. శైలి నుంచి నేర్చుకోవడం వేరు, ఒకరి చేతిపని ఎత్తుకోవడం వేరు. కుదిరితే కొండపల్లి వెళ్లి వాళ్లకి డబ్బిచ్చి మూడు నాలుగు నమూనాలు చేయించుకోండి, అవి ముందు పెట్టుకుని గీస్తే మీ గీతలోకి కూడా చెక్క బరువు వస్తుంది.

ఇంకా జమ్మిచెట్టు, పాలపిట్ట, హంస తెప్ప, బంతిపూల గుట్టలు, పులివేషం, డప్పులు, కోలాటం, గరగలు, ఎర్రబట్టల భవానీల వరస, 1957లో కట్టిన బ్యారేజీ గేట్లు నీళ్లలో పడే నీడలు. మనుషుల్ని గీసేటప్పుడు పండగకి వచ్చేవాళ్లనే గీయండి: బిడ్డని భుజాన ఎక్కించుకున్న నాన్న, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే ముసలమ్మ, పారిశుద్ధ్య కార్మికురాలు, పూలమ్మే ఆవిడ. క్యూలో ఉన్నవాళ్లు తమని తాము చూసుకుని నవ్వుకుంటారు. అందరినీ తెల్లగా, సన్నగా, ఒకే ముక్కుతో గీయకండి దయచేసి. మన ఊరి ఒంటిరంగులు చామనఛాయ నుంచి నలుపు దాకా ఎన్నో ఉన్నాయి, పసుపు, ఎరుపు పక్కన ఆ రంగులే నిండుగా కనిపిస్తాయి.

దారి చూపే బొమ్మలు

ఈ భాగాన్ని అలంకారం కాదని పక్కన పెడతారు గానీ జనానికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఇదే. మూలా నక్షత్రం రోజు వచ్చే రద్దీలో ఎన్నో జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, చదవడం రానివాళ్లు, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయినవాళ్లు, భాష వేరే అయినవాళ్లు ఉంటారు. ఉచిత దర్శనం క్యూకి ఒక రంగు, టికెట్ క్యూలకి వేరే రంగులు పెట్టి, ఆ రంగు మొదటి బోర్డు నుంచి కొండ మీది దాకా మారకుండా నడపండి. రంగుతో పాటు ఒక గుర్తు కూడా ఇవ్వండి: ఒకదానికి తామర, ఒకదానికి చిలక, ఒకదానికి ఏనుగు. రంగులు సరిగా పోల్చుకోలేని వాళ్లకి ఆ గుర్తు పనికొస్తుంది, "చిలక లైన్లో ఉన్నాం రండి" అని ఫోన్లో చెప్పుకోడానికీ వీలుంటుంది.

చెప్పుల స్టాండ్, మంచినీళ్లు, మరుగుదొడ్లు, జల్లు స్నానాలు, తలనీలాలు, లడ్డూ కౌంటర్లు, వైద్య శిబిరం, తప్పిపోయిన పిల్లల కేంద్రం, వీటన్నిటికీ ఒకే మందం గీతతో, ఒకే శైలిలో బొమ్మలు గీసుకోండి. ఇక్కడ పూలూ తీగలూ తగ్గించేయండి, గీత లావుగా, నేపథ్యం ఒకే రంగులో ఉండాలి. బోర్డు అడుగు భాగం ఏడడుగుల పైన ఉండాలి, ఎందుకంటే జనం నిండాక ఆరడుగుల కింద ఉన్నదేదీ వెనకవాళ్లకి కనిపించదు. బాణం గుర్తుల్ని స్థలంలో నిలబడి సరిచూడండి, కంప్యూటర్‌లో కుడి అనుకున్నది అక్కడ ఎడమ అవుతుంది.

గీత దగ్గర నుంచి రంగు దాకా

మొదట బొటనవేలంత చిన్న స్కెచ్‌లు ఒక పది వేయండి, నల్ల పెన్నుతోనే. వాటిలో ఏది అంత చిన్న సైజులో కూడా తెలిసిపోతుందో అదే వీధికి పనికొస్తుంది. ఎంచుకున్నదాన్ని లోపల వివరాలేవీ లేకుండా పూర్తిగా నల్లగా నింపి చూడండి. అది హంసా, పులా, అమ్మవారా అని నీడలోనే తెలియాలి. ఆ తర్వాత మీరు తీసిన స్థలం ఫోటోలోకి దాన్ని అతికించి, ఫోన్‌లో చిన్నగా చూసి, అప్పుడు ఆర్డరిచ్చిన వాళ్లకి పంపండి. తెల్ల కాగితం మీద బొమ్మ పంపితే వాళ్లకి ఊహకి రాదు, "ఇంకా గ్రాండ్‌గా చేయండి" అంటారు. స్తంభాల మధ్య, తీగల వెనక బొమ్మ ఎలా ఉంటుందో చూపిస్తే మాట స్పష్టంగా నడుస్తుంది.

పెద్దల ఫోటోల సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. స్పాన్సర్లు, నాయకులు, కమిటీ సభ్యుల ఫోటోలు వస్తాయి, అది మన దగ్గర మామూలే. చివర్లో ఇరికిస్తే బొమ్మ నాశనమవుతుంది కనుక మొదటి స్కెచ్‌లోనే కిందో పక్కనో ఒక పట్టీ కేటాయించి "ఎంతమంది వచ్చినా ఇందులోనే" అని మాట తీసుకోండి. అమ్మవారి రూపం ఉన్న బొమ్మలో మనుషుల ఫోటోలు ఆమె ముఖం కంటే పెద్దగా ఉండకూడదని గట్టిగా చెప్పండి. మర్యాదగా చెబితే చాలామంది వింటారు.

రంగుల్లో పసుపు, కుంకుమ ఎరుపు, ఆకుపచ్చ మనకి సహజంగా వచ్చేస్తాయి, ఇబ్బంది అవన్నీ ఒకే గట్టిదనంతో పక్కపక్కన పడ్డప్పుడు వస్తుంది. ఒకటి రాజ్యమేలాలి, మిగతావి తగ్గాలి. నేనైతే గోడకి అయిదు రంగులు దాటను. పసుపు పచ్చని సోడియం దీపం ఇంకా ఉన్న సందుల్లో రాత్రిపూట ఎరుపు మట్టిరంగులా, నీలం నల్లగా మారిపోతుంది కాబట్టి అక్కడ రంగు మీద కంటే లేత, ముదురు తేడా మీద ఆధారపడండి. స్కెచ్‌ని బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూస్తే ఆ తేడా ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది. పడమర ఎండ తగిలే గోడకి మెరిసే గులాబీ, ఫ్లోరోసెంట్ రంగులు పెడితే ముందు అవే వెలిసిపోతాయి, జేగురు ఎరుపు, మట్టి పసుపు లాంటివి చాలా కాలం నిలబడతాయి.

తెలుగు అక్షరం

ఇక్కడ జరిగినన్ని తప్పులు ఇంకెక్కడా జరగవు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. బోర్డుల మీద అక్షరాలకి మామూలుగా చెప్పే లెక్క పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. అది ఇంగ్లిష్ పెద్దక్షరాలకి. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి, అసలు అక్షరానికి మిగిలే ఎత్తు తక్కువ, అందుకని దానికి ఒకటిన్నర రెట్లు తీసుకోండి. 150 అడుగుల నుంచి చదవాలంటే దాదాపు రెండడుగుల అక్షరం కావాలి. వరసల మధ్య ఖాళీ కూడా ఎక్కువుండాలి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది, 'స్త్రీ', 'క్ష్మి' లాంటివి ఉన్నప్పుడు మరీనూ. అక్షరాల్ని అడ్డంగా నిలువుగా సాగదీయకండి, అక్షరాల మధ్య దూరం పెంచి విడగొట్టకండి.

ఫాంట్లకి కొరత లేదు. రామభద్ర లావుగా ఉండి హెడ్డింగులకి బాగుంటుంది, మండలి చదవడానికి హాయిగా ఉంటుంది, సూరన్న, పెద్దన, తిమ్మన లాంటివి ఇంకొన్ని ఉన్నాయి, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, పబ్లిక్ పనికి వాడుకోవచ్చు. ఇవి యూనికోడ్ ఫాంట్లు. మన ప్రింటింగ్ షాపుల్లో చాలాచోట్ల యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లతో పని నడుస్తుంది, ఆ రెండింటికీ పొసగదు, మీరు పంపిన యూనికోడ్ మాట అక్కడ తెరిస్తే వత్తులు విడిపోయి పక్కకి పడతాయి. అందుకని ఫైల్ పంపేముందు అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల ఆకారాలుగా మార్చేయండి, మార్చకముందు కాపీ ఒకటి మీ దగ్గర దాచుకోండి. ఇలస్ట్రేటర్‌లోనే వత్తులు సరిగా రాకపోతే టైప్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేసి, పేరాగ్రాఫ్ కంపోజర్‌ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్‌కి మార్చాలి. ఫోటోషాప్‌లో అయితే వరల్డ్ రెడీ లేఅవుట్.

గోడ మీద రాయాల్సి వస్తే మాత్రం ఫాంట్ వదిలేసి, ఒకప్పుడు షాపు బోర్డులు రాసిన లెటరింగ్ ఆర్టిస్టుల్ని వెతికి పిలవండి. ఫ్లెక్సీ వచ్చాక వాళ్లకి పని తగ్గిపోయింది గానీ చెయ్యి తగ్గలేదు. 'శ్రీ' అన్న ఒక్క అక్షరాన్ని వాళ్లు మలిచే తీరు ఏ ఫాంట్‌లోనూ లేదు. వాళ్లకి అక్షరానికి ఇంత అని కాకుండా రోజు కూలీతో పాటు బొమ్మ కింద పేరు కూడా ఇవ్వండి.

చివరగా స్పెల్లింగ్. బాలాత్రిపురసుందరి, మహిషాసురమర్దిని, ఇంద్రకీలాద్రి లాంటి మాటల్ని డిజైన్ చేసినవాళ్లు కాకుండా వేరే ఇద్దరు పైకి చదవాలి. ఫైల్ పంపాక ప్రూఫ్ కాగితం మీద ఇంకోసారి.

ప్రింట్‌కి పంపేటప్పుడు

20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీకి అసలు సైజులో 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) సరిపోతుంది, దూరం నుంచే చూస్తారు కాబట్టి. అంటే 17,280 బై 8,640 పిక్సెళ్లు, ప్రింట్‌కి వాడే సీఎంవైకే రంగుల్లో ఒక్క లేయర్‌కే దాదాపు 600 ఎంబీ. ఆర్చీ కింద నుంచి దగ్గరగా చూసేవాటికీ, సెల్ఫీ పాయింట్లకీ 100 నుంచి 150 దాకా వెళ్లండి. వీలైనంతవరకు వెక్టర్‌లో (పిక్సెళ్లు కాకుండా గీతల లెక్కతో) గీసుకుంటే ఈ బాధే లేదు, ఒకే బొమ్మ స్టిక్కర్ నుంచి హోర్డింగ్ దాకా సాగుతుంది. రంగులు సీఎంవైకే లో పెట్టి చూడండి, తెర మీద వెలిగే నారింజ, చిలకపచ్చ ప్రింట్‌లో అంతలా రావు. పెద్ద ఆర్డర్ ముందు రెండడుగుల ముక్క ఒకటి ప్రింట్ తీయించి ఎండలో పెట్టి చూడండి. చదరపు అడుగు లెక్కే కనుక ఖర్చు కొంచెమే. ఫ్రేముకి మడిచే భాగం, రింగులు కొట్టే భాగం కోసం అన్ని వైపులా మూడు నాలుగు అంగుళాలు ఖాళీ నేపథ్యం వదలండి.

గుడ్డ మీద ప్రింట్ అయ్యే చోట గుడ్డే ఎంచుకోండి అని నా సలహా. గాలికి కదులుతుంది, రాత్రి లైటు పడితే మెరవకుండా మెత్తగా కనిపిస్తుంది, పండగయ్యాక సంచులు కుట్టుకోవచ్చు.

గోడ మీద పని

నవరాత్రులు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వస్తాయి, వానలు ఇంకా పోని కాలం. 2024లో బుడమేరు వరద సింగ్ నగర్ వైపు ఇళ్లని ముంచిన నెలకే దసరా వచ్చింది. అలా నీళ్లు నిలిచిన గోడల్లో తేమ లోపల ఉండిపోతుంది, పైకి ఆరినట్టు కనిపించినా రంగు పొక్కుతుంది. ఒక చిన్న పరీక్ష ఉంది: సాయంత్రం గోడకి అడుగు మేర ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో అతికించండి, మర్నాడు చూస్తే లోపల చెమ్మ పట్టిందంటే ఆ గోడ ఇంకా సిద్ధం కాలేదు. అక్కడ ఈ ఏడాదికి గుడ్డ కట్టండి.

పొడి గోడైతే పాత పోస్టర్లు, నాచు, పొడిరాలే సున్నం అన్నీ గీకి, కడిగి, ఆరనిచ్చి, పగుళ్లు పూడ్చి, ప్రైమర్ కొట్టి, ఆపైన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడలకి వేసే రంగు). లీటరుకి రెండు కోట్లకి సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది, గరుకు గోడకి ఇంకా తక్కువ. 60 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడ అంటే నేపథ్యానికే తొమ్మిది పది లీటర్లు అనుకోండి.

బొమ్మని ఎక్కించడానికి గడుల పద్ధతి ఎప్పుడూ ఉన్నదే: స్కెచ్ మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి, దారానికి రంగుపొడి రాసి కొడితే గీతలు పడతాయి. రాత్రి పని చేయగలిగితే ప్రొజెక్టర్ తేలిక. అంచులు, పూలు లాంటి మళ్లీ మళ్లీ వచ్చే వాటికి మందపాటి కాగితం మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, గోడకి ఆనించి బొగ్గుపొడి మూటతో అద్దండి. ఒక పిల్లల గుంపుకి ఆ కాగితం ఇస్తే మధ్యాహ్నానికల్లా వంద అడుగుల అంచు పడిపోతుంది. వాలంటీర్లకి నింపే పని ఇవ్వండి, ముఖాలూ వేళ్లూ చెయ్యి తిరిగినవాళ్లే గీయాలి, బయటి గీత అందరికంటే చివర్లో ఒకే మనిషి వేస్తే గోడంతా ఒకే చేతి పనిలా కనిపిస్తుంది.

కింది మూడడుగుల్ని ముఖ్యమైన బొమ్మకి వాడకండి. బండ్లు ఆనిస్తారు, వాన చిందుతుంది, పాన్ మరకలు పడతాయి. ముదురు రంగు నేపథ్యంలో ముగ్గు పట్టీ లాంటిది నడిపితే మరకలు తెలియవు, మళ్లీ రంగు వేయడమూ సులువు. నేల మీద అయితే ముగ్గుపిండి, రంగుల ముగ్గులే మేలు. రోడ్డు మీద ఎనామిల్ పెయింట్ తడిస్తే జారుతుంది, బండ్లు బ్రేకులేసే చోట, ఘాట్ మెట్ల దగ్గర అస్సలు వాడకూడదు.

లైట్ల బొమ్మలు

ఎల్‌ఈడీ సీరియల్ సెట్లతో చేసే బొమ్మకి డిజైన్ అంటే చుక్కలతో ముగ్గు వేసినట్టే, గీత మీద గీత రాకూడదు, సన్నటి వివరాలు ఉండకూడదు. అమ్మవారి ముఖాన్ని లైట్లతో గీయించకండి, ఒక బల్బు పోయినా చూడలేం. ముఖాన్ని ప్రింట్ చేసి వెనక నుంచి వెలుతురిచ్చి, చుట్టూ ప్రభ, కిరీటం, పూలదండ లైట్లతో చేయిస్తే నిండుగా ఉంటుంది. హంస, నెమలి, ఏనుగు, బ్యారేజీ గేట్ల నుంచి దూకే నీళ్లు, ఇవి లైట్లకి బాగా లొంగుతాయి. కదలిక కావాలంటే రెండు మూడు దశలు చాలు: రెక్క పైకి, మధ్యకి, కిందకి. స్కెచ్‌లో ఒక్కో దశని ఒక్కో రంగు పెన్నుతో గీసి ఇవ్వండి, లైటింగ్ వాళ్లకి మాటలతో చెప్పడం కంటే అది తేలిక. ఫ్రేము కట్టే సరుగుడు కర్రలు, స్క్వేర్ పైపులు ఎక్కడ వస్తాయో వాళ్లనే అడిగి వాటి మీదుగానే గీతలు నడపండి. ఎర్తింగ్, వానకి తడవని జాయింట్లు, చేతికి అందని ఎత్తు, ఈ మూడూ ఎలక్ట్రీషియన్‌తో కలిసి మీరూ చూడాలి, పిల్లలు ముట్టుకుంటారు.

రోజుల లెక్క, దించడం

పండగకి ఎనిమిది వారాల ముందు స్థలాలు, అనుమతులు. ఆరు వారాలప్పుడు స్కెచ్‌లు ఖాయం. నాలుగు వారాలప్పుడు గోడలు మొదలవ్వాలి, వానకి పోయే రోజులు అందులోనే కలుపుకోవాలి. ఫ్లెక్సీ షాపుల్లో ఆఖరి వారం మీద అస్సలు ఆశ పెట్టుకోకండి, ఊరందరి పనీ అప్పుడే పడుతుంది, పది రోజుల ముందే ఫైళ్లు ఇచ్చేయండి. దారి చూపే బోర్డులు మొదటి రోజుకి రెండు రోజుల ముందే కట్టి, మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒకరిని తీసుకొచ్చి "లడ్డూ కౌంటర్‌కి వెళ్లు" అని చెప్పి వెనక నడవండి. ఎక్కడ ఆగితే అక్కడ ఇంకో బోర్డు కావాలి.

దించే ఖర్చు కూడా మొదటి కొటేషన్‌లోనే రాయండి, కూలీలు, బండి, తేదీతో సహా. అలా రాయకపోతే ఫ్లెక్సీలు కార్తీకం దాకా వేలాడి, చినిగి, కాలువల్లో పడతాయి. అమ్మవారి రూపం ఉన్నవాటిని ముందు దించి, మడిచి, దేవస్థానం వాళ్లు చెప్పినట్టు చేయండి. మిగతా ఫ్లెక్సీలు కప్పుకోడానికి కావాలని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. దారి చూపే బోర్డులు కడిగి భద్రం చేస్తే వచ్చే ఏడూ వాడుకోవచ్చు, వాటి మీద సంవత్సరం వేయకుండా ఉంటే. గోడ బొమ్మల మీద కూడా తేదీ వేయకండి, అవి ఏడాది పొడుగునా ఉంటాయి. ఫైళ్లలో అలంకారాల్ని ఒక్కోటి విడి లేయర్‌గా, తేదీ లేకుండా దాచుకోండి, వచ్చే ఏడు వరుస మారినా బొమ్మలు మళ్లీ గీయక్కర్లేదు. గోడ కొలతలు, రంగు డబ్బాల మీది షేడ్ నంబర్లు, అనుమతి ఇచ్చిన కాగితం కాపీ, పండగ రోజుల్లో అదే చోట నిలబడి తీసిన ఫోటోలు, అన్నీ ఆ ఫోల్డర్‌లోనే పెట్టండి.